చంటిది, నాలుగేళ్ల పిల్లాడు, అత్తమ్మ, మామయ్య: అందరితో కలిసి జూకి, సలహాలు చెప్పండి

బుజ్జిపండు_అమ్మ
బుధవారం రాత్రి 10.15

అందరికీ నమస్తే. మా అత్తమ్మ, మామయ్య పండక్కి జనగామ నుంచి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నారు, వచ్చే వారం వెళ్లిపోతామంటున్నారు. వాళ్లు వెళ్లేలోపు అందరం కలిసి బయటికి వెళ్దామని మా ఆయన ఆదివారానికి ప్లాన్ వేశారు. ఆ ప్లాన్ ఒకసారి వినండి. పొద్దున తొమ్మిదింటికి కేపీహెచ్‌బీలో కారెక్కి జూపార్కు, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం, సాయంత్రం చార్మినార్ దగ్గర అత్తమ్మకి గాజులు, అటు నుంచి అటే నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్, రాత్రి బయటే భోజనం.

పెద్దాడికి నాలుగేళ్లు, చిన్నదానికి 14 నెలలు, ఇంకా పాలు తాగుతోంది. అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు. మామయ్యకి షుగర్, టైముకి తినకపోతే కళ్లు తిరుగుతాయి. నేను ఇదంతా కుదరదు అంటే "నీకు అన్నిటికీ టెన్షనే" అంటున్నారు. నిజంగా నాదే అతి టెన్షనా? ఇంత మందితో, ఇంత చిన్న పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి, ఆయనకి ఈ పేజీ చూపిస్తాను.

ఇద్దరు_పిల్లల_తండ్రి
బుధవారం రాత్రి 10.40

అన్నకి నా నమస్కారాలు చెప్పండి. ఆ ప్లాన్ పెళ్లికాకముందు ఫ్రెండ్స్‌తో వేసుకునేది.

జూ ఒక్కటే 380 ఎకరాలు. అదొక్కటీ చూసి ఇంటికొస్తే చాలు. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే కేపీహెచ్‌బీ నుంచి బహదూర్‌పురా చేరేసరికి పది దాటుతుంది, పార్కింగు, టికెట్లు, బాత్రూములు అయ్యేసరికి పదకొండు. అప్పటికి ఎండ ఎక్కి పులులూ సింహాలూ నీడ చూసుకుని పడుకుంటాయి. పిల్లాడు "నాన్నా, లేపు" అని ఏడుస్తాడు. 8.30కి తెరుస్తారు, ఆ టైముకి గేటు దగ్గర ఉండేలా చూసుకోండి, జంతువులు తిరుగుతూ కనిపిస్తాయి, జనం కూడా తక్కువ. ఒంటిగంటకల్లా బయటపడిపోండి.

పాతబస్తీ_కోడలు
బుధవారం రాత్రి 11.05

మాది జూకి దగ్గరే, మా ఇంటికి ఎవరు చుట్టాలొచ్చినా చివరికి నా చేత జూ చూపించుకునే వెళ్తారు కాబట్టి ఇది నా సబ్జెక్టు 😄

ముందుగా, సోమవారం సెలవు. మీది ఆదివారం అనుకోండి, కానీ చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నా, సోమవారాలు గేటు దాకా వచ్చి పిల్లల్ని బుజ్జగిస్తూ వెనక్కి తిరిగే కుటుంబాలు మాకు మామూలే. వీలైతే మంగళవారమో బుధవారమో వెళ్లండి. ఆదివారం తప్పదంటే టికెట్లు ఆన్‌లైన్లో ముందే తీసుకోండి.

నడక గురించి. మీ అత్తగారు అంత దూరం నడవలేరు, నడిపించొద్దు కూడా. లోపల బ్యాటరీ బండ్లు ఉంటాయి, వాటికి వేరే టికెట్, ఎన్‌క్లోజర్ల దగ్గర ఆపుతూ తిప్పుతారు. ముందు ఆ టికెట్ తీసుకోండి, మిగతావి తరవాత. చాలామంది "కాసేపు నడుద్దాంలే" అని మొదలుపెడతారు, ఏనుగుల దాకా వెళ్లేసరికి ముసలివాళ్లు కూలబడతారు, అప్పుడు బండి కోసం మళ్లీ వెనక్కి నడవాలి. టాయ్ ట్రైన్ నాలుగేళ్ల వాడికి బాగా నచ్చుతుంది కానీ దాని లైను ఆదివారం పొడుగ్గా ఉంటుంది, అందుకే వెళ్లగానే అది ఎక్కించేయండి. సఫారీ బస్సుకీ అంతే, టికెట్ వేరే, లైను వేరే. చంటిదాన్ని ఎత్తుకుని రెండు లైన్లూ నిలబడలేరు, ఏదో ఒకటి అనుకోండి.

ఇంకోటి. రాత్రిపూట తిరిగే జంతువులకి ఒక ఇల్లు ఉంది అక్కడ. పగలు లోపల చీకటి చేసి, రాత్రి లైట్లు వేస్తారు, అంటే వాటికి మన పగలే రాత్రి అన్నమాట. దేవాంగపిల్లి, గబ్బిలాలు, గుడ్లగూబలు ఉంటాయి. పెద్దవాళ్లకి భలే ఉంటుంది. చిన్నపిల్లల్ని మాత్రం సరాసరి లోపలికి తీసుకెళ్తే ఎండలోంచి ఒక్కసారి చీకట్లోకి వెళ్లేసరికి గుక్కపట్టి ఏడుస్తారు, వాళ్ల ఏడుపుకి మిగతా పిల్లలూ అందుకుంటారు. బయటే ఆగి, "లోపల రాత్రి అయింది, మాట్లాడకుండా చూద్దాం" అని చెప్పి తీసుకెళ్లండి. మీ చిన్నదాన్ని బయట ఎవరైనా పట్టుకుంటే ఇంకా మంచిది.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లోపలికి రానివ్వరు. కవర్లు, చిప్స్ ప్యాకెట్లు మూటగట్టుకుని వెళ్తే గేటు దగ్గర సంచీ విప్పాల్సొస్తుంది. స్టీలు డబ్బాలు, స్టీలు సీసాలు పెట్టుకోండి.

సండే_సవారీ
గురువారం ఉదయం 7.20

అందరూ ఎందుకు భయపెడుతున్నారో అర్థం కాలేదు. మేము పోయినేడు జూ, చార్మినార్, నుమాయిష్ ఒకేరోజు చేశాం, కారుంది, ఏసీ ఉంది, పిల్లలు కార్లోనే పడుకున్నారు. పిల్లల్ని గాజుబొమ్మల్లా పెంచితే రేపు దేనికీ తట్టుకోలేరు. మన చిన్నప్పుడు ఆర్టీసీ బస్సులో నిలబడి వేములవాడ వెళ్లొచ్చాం, ఏమైంది?

నల్లగొండ_అక్క
గురువారం ఉదయం 7.55

సవారీ తమ్ముడూ, ఒక్క మాట అడుగుతా. ఆ రోజు పొద్దున నాలుగున్నరకి లేచి పులిహోర కలిపింది ఎవరు? డైపర్లు, వైప్స్, రెండు జతల బట్టలు, టోపీ, పాలసీసా, వేడినీళ్ల ఫ్లాస్కు గుర్తుపెట్టుకుని సర్దింది ఎవరు? చంటిదాన్ని చంకనేసుకుని తిరిగింది ఎవరు? రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చాక ఆ డబ్బాలు కడిగింది ఎవరు? నువ్వే అయితే నీ కాళ్లకి దండం పెడతా. కాకపోతే ఆ రోజు ఎలా గడిచిందో మీ ఇంటావిడని అడిగి ఇక్కడ రాయి.

సండే_సవారీ
గురువారం ఉదయం 8.10

అడిగాను అక్కా. "నన్నెందుకు ఇప్పుడు అడుగుతున్నావు" అంది. ఇక్కడితో ఆపేస్తున్నా 🙏

బుజ్జిపండు_అమ్మ
గురువారం మధ్యాహ్నం 1.30

ఆఫీసులో లంచ్ టైములో ఇవి చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకుంటున్నా. మా ఆయనకి ఆదివారం తప్ప కుదరదు, కాబట్టి రోజు మారదు. నుమాయిష్, చార్మినార్ తీసేయడానికి ఒప్పుకున్నారు. సాలార్‌జంగ్ మాత్రం వదలట్లేదు, మామయ్య ఆ గడియారం మళ్లీ చూడాలన్నారట. అది ఎంతసేపు పడుతుంది?

రిటైర్డ్_మాస్టారు
గురువారం సాయంత్రం 5.45

అమ్మా, మీ మామగారి కోరిక నాకు అర్థమయింది. సాలార్‌జంగ్ గడియారంలో గంట గంటకీ ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంది. దాని ముందు బెంచీలు వేసి ఉంటాయి. పన్నెండింటికైతే పన్నెండు సార్లు కొడుతుంది కాబట్టి ఆ టైముకి జనం ఎక్కువ. మ్యూజియం మొత్తం చూడాలంటే రోజు చాలదు, గడియారం, మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ చూసుకుని వచ్చేయాలంటే గంటన్నర. కానీ అది శుక్రవారం సెలవు తప్ప మిగతా రోజులన్నీ ఉంటుంది. మీ ఆయన్ని ఒక పూట సెలవు పెట్టించి, వాళ్ల నాన్నగారిని ఒక్కరినే తీసుకెళ్లమనండి. తండ్రీ కొడుకులు ఇద్దరే వెళ్లడం కూడా ఉండాలిగా. పిల్లలు పక్కనుంటే ఆయన కన్ను బొమ్మ మీద ఉండదు, మనవడు ఎటు పరిగెత్తుతాడో అని వాడి మీదే ఉంటుంది.

జూ అంటే నాకు వేరే జ్ఞాపకం. జూ 1963 అక్టోబరులో తెరిచారు, అంతకుముందు జంతువులు బాగే ఆమ్‌లో, అంటే మన పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి. అక్కడి నుంచి వచ్చిన ఒక గాలపగోస్ తాబేలు ఉండేది. మా నాన్న నన్ను చూపించడానికి తీసుకెళ్లారు, నేను నా పిల్లల్ని తీసుకెళ్లాను, మనవరాలిని కూడా తీసుకెళ్లాను. 2024 మార్చిలో 125 ఏళ్ల వయసులో పోయింది. ఇన్ని తరాల పిల్లలు దాని ముందు నిలబడితే అది ఒక్కసారి కూడా తల తిప్పి చూసిన గుర్తు లేదు నాకు, దాని లోకం దానిది.

పిల్లల_వార్డు_నర్సు
గురువారం రాత్రి 9.00

తిండి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, ఎందుకంటే ఆదివారం సరదాల ఫలితం సోమవారం పొద్దున మా ఓపీలో కనిపిస్తుంది.

సంక్రాంతి అయిపోయింది కదా, ఇంట్లో సకినాలు, గారెలు, పల్లీ ఉండలు మిగిలే ఉంటాయి. దారిలో నమలడానికి బాగుంటాయని పెట్టుకుంటారు. పెద్దాడికి సకినం ఇవ్వొచ్చు, కూర్చోబెట్టి, చిన్న ముక్కలు చేసి. పల్లీలు మాత్రం వద్దు. ఐదేళ్లలోపు పిల్లలకి పల్లీలు, శనగలు, బఠాణీలు గింజలుగా ఇవ్వకూడదు, గొంతు దాటి ఊపిరి గొట్టంలోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది, అదీ కదులుతున్న కార్లో నవ్వుతూ తింటే. సర్వపిండిలో కూడా పల్లీలు ఉంటాయి, చూసుకోండి. ద్రాక్షపండ్లు నిలువుగా కోసి ఇవ్వండి.

చిన్నదానికి మెత్తగా కలిపిన పెరుగన్నం, అరటిపండు చాలు. పెరుగన్నంలో కాసిన్ని పాలు ఎక్కువ పోసి కలిపితే మధ్యాహ్నానికి పులవదు, ఇది మీ అత్తగారికి నేను చెప్పక్కర్లేదు. బయట కోసిన పండ్లు, ఐస్ గోలా పిల్లలకి వద్దు.

వాంతుల సంగతి. కారెక్కే ముందు పాలు నిండుగా పట్టించకండి, కార్లో ఫోను చూడనివ్వకండి, కింద చూస్తూ ఉంటే కడుపులో తిప్పుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి బ్యాగులో పడేయండి, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, సగం ప్యాకెట్ గ్లాసుడు నీళ్లలో అంటూ అంచనాలు వద్దు. మందుల షాపులో ఓఆర్ఎస్ అని అడిగితే పండ్ల రుచి ఉన్న తీపి డబ్బా ఇచ్చే రోజులు మొన్నటిదాకా ఉన్నాయి, హైదరాబాద్ డాక్టరమ్మ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దాని మీద పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని ఆపించింది. అయినా పాత స్టాకు ఎక్కడైనా ఉండొచ్చు, ప్యాకెట్ తిప్పి చదివి కొనండి.

కొత్తగా_అమ్మ
గురువారం రాత్రి 9.25

పాలు ఇవ్వడం ఎక్కడ అక్కా? నాకు బయట అదే పెద్ద ఇబ్బంది. ఒక మాల్‌లో ఫీడింగ్ రూమ్ అని బోర్డు పెట్టి లోపల చీపుర్లు, బకెట్లు పెట్టారు, అప్పటి నుంచి బయటికి వెళ్లాలంటేనే విసుగు.

పాతబస్తీ_కోడలు
గురువారం రాత్రి 9.40

జూలో చెట్ల కింద బెంచీలు బోలెడు, జనం తిరిగే దారి నుంచి కొంచెం లోపలికి వెళ్తే ఎవరూ పట్టించుకోరు. కాటన్ దుపట్టా పెద్దది వేసుకోండి, ముందు గుండీలున్న కుర్తా వేసుకోండి. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఎవడైనా అటు చూసినా ఆవిడ చూపుకే పారిపోతాడు. నా విషయంలో మా అత్తగారు గొడుగు తెరిచి అడ్డం పెట్టి కూర్చునేది, ఎండకీ పనికొచ్చేది, మనుషులకీ పనికొచ్చేది.

మియాపూర్_నాన్న
శుక్రవారం ఉదయం 6.50

కారే ఎందుకండీ? కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కితే రెడ్ లైన్‌లో మారకుండా ఎంజీబీఎస్, అక్కడి నుంచి ఆటోలో ఐదారు కిలోమీటర్లు. మూడడుగుల లోపు పిల్లలకి టికెట్ కూడా లేదు. లిఫ్టులున్నాయి, అత్తగారికి మెట్లు తప్పుతాయి. మావాడికైతే మెట్రో ఎక్కడమే పిక్నిక్, దిగనంటాడు.

బుజ్జిపండు_అమ్మ
శుక్రవారం ఉదయం 9.15

వెళ్లేటప్పుడు ఓకే అన్నా, వచ్చేటప్పుడు నిద్రపోయిన ఇద్దర్నీ ఎత్తుకుని ఆటో దిగి, స్టేషన్ ఎక్కి... ఈసారికి కారే.

డల్లాస్_తెలుగమ్మాయి
శుక్రవారం మధ్యాహ్నం 12.10

కారంటే గుర్తొచ్చింది, కార్ సీటు ఉందా అక్కా? ఇక్కడ హాస్పిటల్ నుంచి పుట్టిన బిడ్డని ఇంటికి తీసుకెళ్లాలన్నా కార్ సీటు ఉండాల్సిందే. ఇండియా వచ్చినప్పుడు మా వాళ్లందరూ పాపని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు, నేను వద్దంటే "అమెరికా నుంచి వచ్చి మాకు నేర్పుతున్నావా" అంటారు.

ఇద్దరు_పిల్లల_తండ్రి
శుక్రవారం మధ్యాహ్నం 12.35

అమెరికా దాకా ఎందుకండీ, మన చట్టంలోనే ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో, 14 ఏళ్లలోపు పిల్లలకి సీటు బెల్టో పిల్లల సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఎవరూ రాయరు, ఎవరూ కట్టరు, అది వేరే సంగతి. కానీ బ్రేకు గట్టిగా పడితే ఒళ్లో ఉన్న బిడ్డని చేతులతో ఆపలేం, పైగా ముందు సీట్లో ఎయిర్ బ్యాగ్ తెరుచుకుంటే బిడ్డకే దెబ్బ. కార్ సీటు లేకపోతే కొనండి, లేదా అద్దెకిచ్చేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. ముందు సీట్లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు.

బండి_మీద_నలుగురం
శుక్రవారం సాయంత్రం 6.30

కార్లున్నవాళ్ల చర్చలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మాకు స్కూటీ ఒక్కటే. ముందు పెద్దది నిలబడుతుంది, వెనక మా ఆవిడ ఒళ్లో చిన్నోడు. మేము బయటికి వెళ్లొద్దా మరి?

నల్లగొండ_అక్క
శుక్రవారం సాయంత్రం 6.50

ఎందుకు వెళ్లొద్దు తమ్ముడూ, తప్పకుండా వెళ్లాలి. కానీ జూ లాంటి దూరానికి స్కూటీ వద్దు, బస్సెక్కండి. మహాలక్ష్మి పథకంలో మీ ఆవిడకి సిటీ బస్సులో టికెట్ లేదు, పిల్లలు చిన్నవాళ్లు, ఇంకేం కావాలి. దగ్గర పార్కుకి స్కూటీ మీద వెళ్లినా నాలుగేళ్లలోపు పిల్లలకి పెద్దవాళ్ల ఒంటికి కట్టే బెల్టు, హెల్మెట్ ఉండాలని 2023 ఫిబ్రవరి నుంచి రూలు. స్పీడు కూడా 40 దాటొద్దు. ఆ బెల్టు స్కూలు బ్యాగులా తగిలించుకునేది, ఆన్‌లైన్లో దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. ముందు నిలబెట్టడం మాత్రం మానేయి, పిల్ల నిద్రలో తూలితే ఎటు పడుతుందో తెలీదు.

కోపం_వద్దు_ప్లీజ్
శుక్రవారం రాత్రి 8.00

నా ప్రశ్న వేరే. మా పిల్లాడికి ఫోను ఇవ్వకుండా ఏ హోటల్లోనూ పది నిమిషాలు కూర్చోలేం. ఇస్తే చుట్టుపక్కలవాళ్లు గుడ్లురిమి చూస్తారు, ఇవ్వకపోతే వాడు పళ్లేలు విసురుతాడు. మీరు బయటికి వెళ్లినప్పుడు ఏం చేస్తారు?

పిల్లల_వార్డు_నర్సు
శుక్రవారం రాత్రి 8.20

రెండేళ్లలోపు అసలు వద్దని మన పిల్లల డాక్టర్ల సంఘమూ చెప్తుంది, డబ్ల్యూహెచ్ఓ కూడా చెప్తుంది. రెండు నుంచి నాలుగేళ్ల దాకా రోజుకి గంట మించొద్దని.

కోపం_వద్దు_ప్లీజ్
శుక్రవారం రాత్రి 8.25

అది తెలుసండీ. ఆ గంటలో నలభై నిమిషాలు ఆర్డర్ వచ్చేదాకా అయిపోతాయి, అదీ నా బాధ.

సండే_సవారీ
శుక్రవారం రాత్రి 8.50

ఈ విషయంలో నాకు నిజంగా అనుభవం ఉంది కాబట్టి తిట్టకుండా వినండి. మేము హోటల్‌కి వెళ్లేముందే ఇంట్లో పిల్లలకి పెరుగన్నం పెట్టేస్తాం. ఆకలి మీద ఉన్న పిల్లాడు ఆర్డర్ వచ్చేదాకా ఆగడు, ఎవరూ ఆగరు, నేనూ ఆగను. కూర్చోగానే పిల్లలకి ముందు ఒక ఇడ్లీయో సాదా దోసెయో చెప్తాం, మిగతావి తరవాత. ఆర్డర్ వచ్చేదాకా ఒకరు పిల్లాడిని బయట తిప్పుతారు, ఒకరు టేబుల్ దగ్గర. రెండోది, ఏడు దాటాక వెళ్లం. ఆరున్నరకి హోటళ్లు ఖాళీగా ఉంటాయి, వెయిటర్లకీ ఓపిక ఉంటుంది.

నల్లగొండ_అక్క
శుక్రవారం రాత్రి 9.05

శభాష్ తమ్ముడూ. నిన్నటి పోస్టు మర్చిపోతున్నా.

మోడరేటర్
శుక్రవారం రాత్రి 9.30

ఫోన్ల మీద ఇప్పటికే వేరే చర్చ నడుస్తోంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ జూ.

మణికొండ_పిన్ని
శనివారం ఉదయం 10.00

ఆదివారం రద్దీ అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. మా అక్క కొడుకు మూడున్నరేళ్లప్పుడు ఒక జాతరలో తప్పిపోయాడు. నలుగురు పెద్దవాళ్లం ఉన్నాం, అదే అసలు సమస్య, ప్రతివాళ్లమూ ఇంకొకరి దగ్గర ఉన్నాడనుకున్నాం. బెలూన్లవాడి వెనకాల వెళ్లిపోయాడు. దొరికాడు, కానీ దొరికేలోపు అక్కకి మాట పడిపోయింది.

అప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతి ఏంటంటే, పిల్లాడి పేరు చెప్పి "ఇప్పుడు వీడు నా దగ్గర" అని నోటితో అనాలి. మారేటప్పుడు "ఇదిగో, నీకిచ్చా" అనాలి. మొదట్లో నవ్వుకున్నాం, ఇప్పుడు అలవాటైపోయింది. బయల్దేరేముందు ఆ రోజు బట్టల్లో పిల్లల ఫొటో ఒకటి తీసుకోండి, కంగారులో ఏ రంగు చొక్కా వేశామో కూడా గుర్తురాదు. ఫోన్ నంబరు బాల్ పెన్నుతో ముంజేతి మీద రాయండి, పేరు రాయొద్దు, పేరు పెట్టి పిలిస్తే పిల్లలు ఎవరి వెంటైనా వెళ్తారు. తప్పిపోతే అక్కడే నిలబడి గట్టిగా అమ్మా అని అరవమని నేర్పండి, వెతుక్కుంటూ వెళ్లొద్దని. 1098 పిల్లల హెల్ప్‌లైన్, 112 పోలీసులు, రెండూ ఫోన్లో పెట్టుకోండి.

బుజ్జిపండు_అమ్మ
శనివారం రాత్రి 9.50

అన్నీ రాసుకున్నా. బ్యాగు ఈసారి మా ఆయన సర్దుతున్నారు, నల్లగొండ అక్క పోస్టు చదివాక ఆయనే సర్దుతానన్నారు. నేను సోఫాలో కూర్చుని టైప్ చేస్తున్నా. "వైప్స్ ఎక్కడుంటాయి" అని ఇప్పటికే రెండుసార్లు అడిగారు, మూడోసారి అడిగితే చెప్తాను.

బుజ్జిపండు_అమ్మ
సోమవారం మధ్యాహ్నం 1.20

వెళ్లొచ్చాం! 8.30 అనుకున్నది తొమ్మిదింబావు అయింది, అయినా గేటు దగ్గర పెద్దగా జనం లేరు. ముందు టాయ్ ట్రైన్, తరవాత బ్యాటరీ బండి. పెద్దాడు జిరాఫీ దగ్గర కదలనన్నాడు, అది పైనుంచి ఆకు లాక్కుని నమిలేటప్పుడు కింద దవడ పక్కకి పక్కకి తిప్పుతుంది కదా, వాడు అలాగే నోరు తిప్పుతూ నిలబడ్డాడు, ఇప్పుడు ఇంట్లో అన్నం కూడా అలాగే తింటున్నాడు. మా అత్తమ్మకి కోపమొస్తోంది, నాకు మాత్రం ముద్ద లోపలికి పోతోంది కదా అని సంతోషంగా ఉంది.

చీకటింట్లోకి నేనూ, పెద్దాడూ, మామయ్యా వెళ్లాం. బయట చెప్పి తీసుకెళ్లడం బాగా పనిచేసింది, దేవాంగపిల్లి కళ్లు చూసి "దీనికి నిద్ర రావట్లేదా" అని గుసగుసగా అడిగాడు. లోపల ఇంకెవరి పాపో ఏడుస్తుంటే వీడు వెళ్లి "ఇది రాత్రి, మాట్లాడొద్దు" అని చెప్పొచ్చాడు. చిన్నది బయట వాళ్ల నాన్న దగ్గరుంది, ఆ పది నిమిషాల్లోనే డైపర్ నిండిపోయింది. ఈయన బెంచీ మీద ఒక్కరే మార్చారట. వచ్చి చూస్తే డైపర్ ముందు వెనక తారుమారైంది కానీ కారలేదు, కాబట్టి నేనేమీ అనలేదు.

పదకొండున్నరకి మామయ్యకి తినిపించాం. డబ్బాలన్నీ ఉన్నాయి, చెంచా ఒక్కటీ లేదు. అత్తమ్మ చేత్తోనే పిల్లలిద్దరికీ పక్కపక్కన కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టింది, ఇంట్లో గంట పట్టే అన్నం పావుగంటలో అయిపోయింది. ఆ తరవాత బండి ఎక్కితే చిన్నది అందులోనే నిద్రపోయింది. ఒంటిగంటన్నరకి బయటికి వచ్చేశాం. మూడింటికి ఇంట్లో అందరూ నిద్ర. సాయంత్రం ఐదింటికి లేచి టీ తాగి, మళ్లీ నేను వంట చేయలేదు, ఈయనే ఉప్మా చేశారు. సఫారీ చూడలేదు. సాలార్‌జంగ్‌కి మంగళవారం తండ్రీకొడుకులు వెళ్తారట, మాస్టారు గారికి థాంక్స్.

పాతబస్తీ_కోడలు
సోమవారం మధ్యాహ్నం 2.00

సఫారీ కోసం మళ్లీ రండి, ఈసారి మా ఇంటికొచ్చి చాయ్ తాగి వెళ్లండి.

రిటైర్డ్_మాస్టారు
సోమవారం సాయంత్రం 6.10

సంతోషం తల్లీ. పదకొండూ యాభైకే బెంచీ పట్టుకోమనండి.

కొత్తగా_అమ్మ
సోమవారం రాత్రి 8.30

అక్కా, ఇదంతా చదివాక నాకూ వెళ్లాలనిపిస్తోంది. మా పాపకి ఐదు నెలలు. జూ ఇప్పుడే వద్దులే అనుకున్నా, నుమాయిష్ ఫిబ్రవరి 15కి అయిపోతుంది కదా, పెళ్లయిన దగ్గర్నుంచి ప్రతి ఏడూ వెళ్తున్నాం, ఈసారి మానేయాలా? మా అమ్మ అయితే దుమ్ము, దిష్టి రెండూ అంటోంది.

నల్లగొండ_అక్క
సోమవారం రాత్రి 8.55

శని ఆదివారాలు వద్దు. మామూలు రోజు, సాయంత్రం గేట్లు తెరిచే టైముకి వెళ్లిపో, గాంధీభవన్ మెట్రోలో దిగితే నడిచే దూరమే. స్ట్రోలర్ అక్కడ ముందుకీ పోదు వెనక్కీ పోదు, పాపని గుండెకి కట్టుకునే క్యారియర్‌లో మీ ఆయన కట్టుకోవాలి, నువ్వు చేతులు ఊపుకుంటూ షాపులు చూడాలి. ఆరున్నరకి జనం ఎక్కడం మొదలవుతుంది, అప్పటికి బయటపడిపోవాలి, మిర్చి బజ్జీలు పార్సిల్ కట్టించుకో. దిష్టి సంగతి మీ అమ్మకే వదిలెయ్, ఇంటికి రాగానే ఆవిడే తీస్తుంది. దుమ్ముకి మాత్రం పాప ఒంటిమీద బట్టలు వెంటనే మార్చేసి, తడిగుడ్డతో మొహం, చేతులు తుడిచెయ్. జలుబు ఉంటే మాత్రం వెళ్లొద్దు, వచ్చే జనవరికి మళ్లీ ఉంటుంది.